జాజు పెట్టని నాలుగు బోల్టులు

కొత్తకోటలో ఐలేశం పేరు ఆరేండ్ల పాటు తిట్టుగా చెలామణి అయింది. లారీ డ్రైవర్లు క్లీనర్ల మీద గరమైనప్పుడు "ఐలిగాని బిగింపు బిగించినవారా?" అనేవాళ్ళు. తలుపు గొళ్ళెం ఊడినా, చెప్పు వారు తెగినా, ఆఖరికి ఎవడి పంచె ముడి జారినా అదే మాట, అదే నవ్వు. ఐలేశం ఎదురు తిట్టేవాడు కాదు, కొట్లాటకు పోయేవాడు కాదు. అతనికి కావలసింది ఒక్కటే. ఆ మాట పుట్టించిన రఘుపతి సేటు తన నోటితోనే, అదే చాయ్ హోటలు ముందు, అదే డ్రైవర్ల ఎదుట నిజం కక్కాలి. అది జరిగేదాకా అతను చావదలచుకోలేదు.

ఐలేశం కురుమల బిడ్డ. తండ్రి గుర్వయ్యకు ఒకప్పుడు నూటయాభై గొర్లుండేవి. వానకాలంలో మందలు కలిసిపోతే ఎవరి గొర్రె ఏదో తెలియాలని ప్రతి ఇంటివాళ్ళూ తమ గొర్రె ఒంటిమీద ఒక్కొక్కచోట జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పూసేవాళ్ళు. గుర్వయ్యది కుడి తొడ మీద అడ్డగీత. "నీది కాని గొర్రెకు జాజు పెడితె దొంగవు, నీ గొర్రెకు పెట్టకపోతె ఎడ్డోనివి" అని కొడుక్కు చెప్పేవాడు. చదువు ఏమి చెప్పించాడో తెలియదు గాని ఆ ఒక్క పాఠం మాత్రం గట్టిగా చెప్పాడు.

రోగమొచ్చి మంద సగానికి పడిపోయాక ఐలేశం పదిహేడేండ్ల వయసులో బెంగుళూరు రోడ్డు మీద రఘుపతి లారీ షెడ్డులో పనికి కుదిరాడు. పానా పట్టడం మూడేండ్లలో నేర్చాడు, జాజు అలవాటు మాత్రం పోలేదు. బోల్టును చేతి పానాతో ఆఖరి చుట్టు లాగి, ఇక కదలదని తేలాక, వేలితో జాజు తీసుకొని నట్టు మీదుగా పక్క ఇనుము దాకా ఒక గీత గీసేవాడు. నట్టు వెంట్రుకంత జారినా గీత విరిగి కనిపించేది. డ్రైవర్లకు ఇది బాగా నచ్చింది. రోడ్డు పక్కన ఆపి, వంగి చూసి, గీత సరిగ్గా ఉంటే బీడీ ముట్టించుకొని పోయేవాళ్ళు. "ఐలేశం జాజు ఉన్నదా?" అని అడిగి మరీ బండెక్కేవాళ్ళు. రఘుపతికి అదే నచ్చలేదు. షెడ్డు తనది, పేరు గొర్లకాపరిది.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో రఘుపతి బొంబాయి నుంచి గాలి రాచెట్ తెచ్చాడు. టైర్లకు గాలి కొట్టే మిషనుకు గొట్టం తగిలించి, పిడి మీది మీట నొక్కితే, దాని తల నట్టును పట్టుకొని గిర్రున తిప్పేస్తుంది. చేతితో పావుగంట పట్టేది చిటికెలో అయిపోతుంది. ఊళ్ళో అందరూ దాన్ని గాలిపానా అన్నారు. రఘుపతి దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి దేవుని పటం కింద పెట్టేవాడు. దానిలో నూనె చుక్క వెయ్యాలని, గాలి మిషను డ్రమ్ములో చేరిన నీళ్ళు రోజూ వదలాలని ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. కుంకుమబొట్టు మాత్రం పెట్టాడు.

ఆ నెలలోనే అది జరిగింది. లారీ దుర్గయ్యది, అంటే రఘుపతి లారీని దుర్గయ్య నడిపేవాడు. దుర్గయ్య ఐలేశం భార్య గోపమ్మకు సొంత అన్న. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకుపోయే పొడుగాటి షాఫ్టును ఆ రోజు విప్పి మళ్ళీ ఎక్కించారు. ఐలేశం షెడ్డులో బండి కింద తవ్విన గుంతలో నిలబడి ముందు జాయింటు బోల్టులు నాలుగూ వేళ్ళతో రెండేసి మరలు ఎక్కించాడు. చేతి పానా అందుకోబోతుంటే, హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలను వెంటబెట్టుకొని రఘుపతి వచ్చాడు.

"జరుగురా ఐలిగా. వీళ్ళకు తమాషా చూపించాలె." పంచె ఎగగట్టి గుంతలోకి దిగాడు. బుర్ర్, బుర్ర్, బుర్ర్, బుర్ర్. నాలుగూ అయిపోయాయి. చుట్టాలు చప్పట్లు కొట్టారు.

"సేటూ, చేతి పానాతోని ఒక్క గుంజు గుంజుతనే. గాలిపానా తిప్పుతది గాని దానికి గంత తాకత్ లేదు. జాజు గూడ పెట్టలే."

"గొర్లు కాసినోనికి గాలిపానా సంగతేం ఎర్కరా? జాజు గీజు పోయి మీ గొర్రెలకు పెట్టుకో. పో, గా వెనక బండి టైరు విప్పు, పో."

ఐలేశం వెనక బండి టైరు విప్పి వచ్చేసరికి దుర్గయ్య లారీ లేదు. సేటే తాళంచెవి ఇచ్చి పంపించాడు.

పెబ్బేరు దాటకముందే జాయింటు ఊడింది. షాఫ్టు ముందుకొన కిందపడి రోడ్డులో గుచ్చుకుంది. లారీ పిల్లిమొగ్గ వేసింది. మహబూబునగరం దవాఖానలో దుర్గయ్య ఎడమ కాలు మోకాలి పైకి తీసేశారు.

హోటలు ముందు డ్రైవర్లంతా కూడారు. రఘుపతి ఊడిన జాయింటు తెప్పించి బల్ల మీద పెట్టాడు. "చూడుండ్రి. జాజు ఉన్నదా? లేదు. బిగించినంక జాజు పెడతడని మీరే అంటరు గదా. జాజు లేదంటె ఏంది? వీడు బిగించుడు మర్చిండు. సొంత బావ కాలు తిన్నడు."

ఐలేశం నోరు తెరిచాడు, చెప్పాడు కూడా. ఎవడు వింటాడు? బండి కింద పనంతా తనదే అని ఊరంతటికీ తెలుసు. చుట్టాలు హైదరాబాదు పోయారు. తన గీతే తనకు ఉరితాడయింది. అందుకే ఆ దెబ్బ ఐలేశానికి అంత లోతుగా దిగింది. అబద్ధం చెప్పినందుకు కాదు, తన జాజుతోనే తనను పొడిచినందుకు.

దవాఖాన మంచం మీద దుర్గయ్య ఒక్కటే అడిగాడు. "బిగించినవా, లేదా?"

"నేను బిగియ్యలే బావా, సేటే..."

"బిగియ్యలే గదా. సాలు." మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి గోపమ్మకు పుట్టింటి గడప లేదు. చెల్లెలి ఇంట్లో మంచినీళ్ళు ముట్టనని దుర్గయ్య ఒట్టు పెట్టుకున్నాడు. బస్సులు ఆగే చోట బీడీల పెట్టె పెట్టుకొని, కర్ర పక్కన ఆనించుకొని కూర్చునేవాడు. గోపమ్మ ఆ దారిన పోతే తల వంచుకునేవాడు.

ఐలేశం నాగార్జునసాగర్ ఆనకట్ట పనికి పోయాడు. అక్కడి వర్క్‌షాపులో గాలితో నడవని పనిముట్టు లేదు. అతను కావాలనే ఆ పనిలో చేరాడు. తన ఇల్లు ముంచిన పనిముట్టు గుట్టేమిటో తెలుసుకోవాలనుకున్నాడు. నాలుగేండ్లు మూలుగులు మింగి నేర్చాడు. బిగుసుకుపోయిన నట్టును ముందు చేతి పానాతో కదిలించాలి, ఆ తర్వాతే గాలిపానా. ఎక్కించేటప్పుడు మొదటి రెండు మరలు వేళ్ళతోనే, లేకపోతే మర మీద మర ఎక్కి బోల్టు చస్తుంది. నట్టు అడుగుకు తగిలినప్పుడు పిడి ఎదురు తన్నుతుంది, పట్టు వదులైతే వేలి కణుపులు ఇనుముకు తగిలి చిట్లుతాయి. ఆఖరి గుంజు ఎప్పుడూ చేతిదే. గాలిపానా కాలినడక తగ్గిస్తుంది, మోసే భుజం కాదది. ఇవన్నీ నేర్చుకుంటున్నప్పుడల్లా అతని కళ్ళముందు రఘుపతి ఎర్రగుడ్డ ఆడేది.

పని సద్దుమణిగి పాత సామాను అమ్మకానికి పెట్టినప్పుడు స్టోరు చూసే రామచంద్రం గోనెపట్టా మీద మూడు గాలిపానాలు పరిచాడు. ఒకటి తళతళా మెరుస్తోంది. ఇంకొకటి లావుగా, బలంగా ఉంది. మూడోదానికి రంగంతా పోయింది.

"గా మెరిసేది తీసుకోవయ్యా, కొత్తదానిలెక్కున్నది" అన్నాడు రామచంద్రం.

ఐలేశం గొర్రెపోతును కొన్నట్టు కొన్నాడు. ఉన్ని చూసి కొనేవాడు మోసపోతాడు, నోరు తెరిచి పండ్లు చూసి కొనేవాడు బతుకుతాడు. మెరిసేదాని తల పెద్దది, షాఫ్టు జాయింటు సందులో దూరదు. లావుదాన్ని గాలికి తగిలించి మీట ముట్టుకున్నాడో లేదో మణికట్టు మెలిపెట్టింది. దానికి సగం నొక్కుడు తెలియదు, అయితే కుంభకర్ణుడు లేకపోతే భీముడు. మూడోది తల సన్నం. మీట మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా ఊపిరి తీసింది. వదిలీ వదలకముందే ఆగింది. తలను చేత్తో ఇటూ అటూ ఆడించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కిటకిటకిట, లోపలి పండ్లు సన్నంగా, దగ్గరదగ్గరగా పలికాయి. ఒక్కటీ అరగలేదు.

"గిదే" అన్నాడు.

"ముసల్దాన్ని పట్టుకపోతున్నవు గదయ్యా!"

"మాట వింటది. నాకు మాట వినేదే కావాలె."

కొత్తకోటకు తిరిగొచ్చి, రఘుపతి లారీలన్నీ పోయే రోడ్డు మీదనే, అదే చాయ్ హోటలు పక్కన, తన ఇంటి కొట్టంలో పని పెట్టుకున్నాడు. మూతబడ్డ పంక్చరు దుకాణం గాలి మిషను తెచ్చి నూనె ఇంజనుకు కట్టాడు. పొద్దున్నే డ్రమ్ము అడుగు మర విప్పి నీళ్ళు వదిలేవాడు, గాలిపానాలో నూనె చుక్క వేసేవాడు, వాకిట్లో చిప్పలో జాజు కలిపి పెట్టేవాడు. తల్లి మైసమ్మ అది చూసి గొణిగేది. "ఇంక ఏడికన్నా పోరాదా బిడ్డా? వాని మొఖం ముందల్నే ఎందుకు?"

"పగబట్టిన పాము పుట్ట ఇడిసి పోతదా అవ్వా?"

మొదట ఎవరూ రాలేదు. తర్వాత బయటి జిల్లాల బండ్లు వచ్చాయి, వాటి డ్రైవర్లకు పాత కథ తెలియదు. పని బాగుందని మాట పాకింది. కొత్తకోట డ్రైవర్లు కూడా ఒకరిద్దరు తలవంచుకొని వచ్చారు. జాజు గీత మళ్ళీ రోడ్డెక్కింది. కాని తిట్టు మాత్రం పోలేదు. పని ఇస్తూనే నవ్వేవాళ్ళు. "ఐలన్నా, ఈసారి మర్చిపోకే!" అనేవాళ్ళు. దుర్గయ్య బీడీల పెట్టె అక్కడికి రెండు వందల అడుగుల దూరంలోనే ఉంది. అది రెండు వందల అడుగుల ముల్లులా ఉండేది.

అరవై ఏడు ఫాల్గుణంలో ఒక పొద్దున రఘుపతి కొత్తగా కొన్న లారీ బంతిపూల దండలతో బయలుదేరింది. మనవడి పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయిస్తానని మొక్కు. బిడ్డ మంజులత, చంకలో పిల్లవాడు, చుట్టపక్కాలు ఇరవై మంది. షెడ్డు నుంచి ఫర్లాంగు పోయిందో లేదో కింద టకటకమని మోత మొదలైంది. డ్రైవరు జంగయ్య ఐలేశం వాకిలి ముందే ఆపేసి, కిందికి దూరి చూసి వచ్చాడు.

"షాఫ్టు ముంగటి జాయింటు సేటూ. రెండు బోల్టులు లెవ్వు, రెండు లూజున్నయి. అడుగు గూడ జరగది."

రఘుపతి షెడ్డు మేస్త్రి చెల్లెలి పెండ్లికని వనపర్తి పోయాడు. బొంబాయి గాలిపానా నీళ్ళు పట్టి, తుప్పెక్కి, మూడేండ్ల కిందటే పాత ఇనుము కుప్పలో పడింది. ఆ మర బోల్టులు చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవు, ఐలేశం రేకు డబ్బాలో తప్ప. రఘుపతి ఎండలో కాసేపు నిలబడి, ఆఖరికి వాకిట్లోకి వచ్చాడు.

"ఐలేశం... జర చూస్తవా?"

ఆరేండ్ల కింద ఐలిగా అన్న నోరు. ఐలేశం చేతులు తుడుచుకుంటూ లేచాడు. "చూస్త సేటూ. ఎందుకు చూడ? ఆడోళ్ళను నీడకు కూసోమను." గోపమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆడవాళ్ళకు ఇచ్చింది. ఐలేశం ఆమెను కొట్టం చాటుకు పిలిచాడు. "మీ అన్నను తోల్కరాపో."

"వస్తడా?"

"సేటు నోరు తెరుస్తడట, ఇన రమ్మను. మన ఇంట్ల అడుగు పెట్టొద్దను. రోడ్డు మీదనే నిలబడుమను."

గోపమ్మ కదలలేదు. మొగుని కళ్ళు చూసింది. "ఏమయ్యా, ఏం జేస్తవు? లారీల పసిపోరడున్నడు."

"నాకెర్క లేదా?"

నిజం చెప్పాలంటే ఒక బోల్టు వదులుగా విడిచిపెట్టే ఆలోచన ఐలేశానికి రాలేదని కాదు. ఆరేండ్లలో వెయ్యిసార్లు వచ్చింది. ఆగింది దయ వల్ల కాదు. ఆ లారీ బోర్లాపడితే రఘుపతి చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. ఐలిగాని బిగింపు అంటే ఇదే అని ఊరు మళ్ళీ నవ్వుతుంది. శత్రువు అబద్ధాన్ని తన చేత్తో నిజం చేసేంత ఎడ్డివాడు కాదతను.

జంగయ్య దగ్గర తాళంచెవి అడిగి తీసుకొని జేబులో వేసుకున్నాడు. గోనెపట్టా పరిచి లారీ కిందికి దూరాడు. బోల్టులు వేళ్ళతో ఎక్కించాడు, రెండేసి మరలు. గాలిపానా తల సందులోకి హాయిగా దూరింది. బుర్ర్, బుర్ర్, బుర్ర్, బుర్ర్. హోటలు దగ్గరి డ్రైవర్లు చాయ్ గ్లాసులతోనే వచ్చి చుట్టూ నిలబడ్డారు. రోడ్డు అంచున దుర్గయ్య కర్ర మీద ఆనుకొని నిలబడ్డాడు. ఐలేశం బయటికొచ్చి, గాలిపానాకు అంటిన మన్ను తుడిచి, ఎర్రగుడ్డలో చుట్టాడు. ఆ గుడ్డ నిన్నమొన్నటిది కాదు, ఇలాంటి రోజు కోసమే దాచింది.

"అయిపోయింది సేటూ. ఎక్కుండ్రి, మంచి గడియ దాటుతది."

జనం ఎక్కడం మొదలుపెట్టారు. రఘుపతి వంగి కిందికి చూశాడు. మళ్ళీ చూశాడు. "జాజు పెట్టలే?"

"జాజు గొర్లకు గద సేటూ."

"చేతి పానాతోని గుంజినవా?"

"ఎందుకు? గాలిపానాతోని చిటికెల అయిపోతది. మీరు చూపిచ్చిన తమాషానే."

డ్రైవర్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. రఘుపతి నవ్వబోయాడు, రాలేదు. మంజులత పిల్లవాణ్ణి పైనున్నవాళ్ళకు అందించి లారీ చక్రం మీద కాలు పెట్టింది. రఘుపతి రెండు చేతులూ ఎత్తి అడ్డం పోయాడు.

"దిగు! మంజులా, దిగు బిడ్డా! పోరన్ని దించుండ్రి! ఎవ్వలెక్కొద్దు!"

రోడ్డంతా వినబడింది. ఎక్కినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఐలేశం రెండడుగులు ముందుకేసి, మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"ఎందుకు దిగుమంటున్నవు సేటూ?"

"గట్ల పోతె... ఊడుతది."

"ఏం ఊడుతది?"

"గాలిపానాతోని ఉత్తగ తిప్పితె ఆగది. చేతితోని బిగియ్యాలె."

"నీకెట్ల ఎర్క?"

రఘుపతి లారీ వైపు తిరిగాడు.

"నీ బిడ్డ ఎక్కుతుంటె దిగుమన్నవు. గానాడు దుర్గయ్య బావ ఎక్కుతుంటె దిగుమని ఎందుకనలే? నీ చేతులతోనే తాళంచెవి ఇచ్చినవు గదా, గా రెండు మాటలకు నోరు రాలేదా?"

మంజులత తండ్రి మొహం చూస్తోంది. రఘుపతి చూపు తిరిగి తిరిగి దుర్గయ్య ఖాళీ పంచె మీద ఆగింది.

"ఏమనమంటవు ఐలన్నా?"

"ఏమైందో గది. గట్టిగ."

"నేనే బిగించిన. గాలిపానాతోని నేనే బిగించిన. చుట్టాలున్నరని... వీడు చేతి పానా పెడతనన్నడు. నేనే వద్దన్న."

జంగయ్య కాండ్రించి రోడ్డు పక్కన ఉమ్మాడు. సేటు మీద కాదు గాని దానికి పెద్ద దూరం లేదు.

ఐలేశం చేతి పానా తీసి రఘుపతి చేతిలో పెట్టాడు. "దూరు."

"ఐలన్నా, తెల్ల బట్టలు... గుడికి పోయేటోన్ని..."

"గానాడు గుంతలకు దిగినప్పుడు గూడ తెల్లయే. దూరు."

ఇరవై మంది చుట్టాల ముందు రఘుపతి గోనెపట్టా మీద వెల్లకిలా పడుకొని లారీ కిందికి పాకాడు. నాలుగు బోల్టులు, ఒక్కోటి మూలుగుతూ గుంజాడు. మన్ను, నూనె, చెమట కలిసి సిల్కు లాల్చీ గాడిద కింద పరిచినట్టయింది. తర్వాత ఐలేశం దూరి ప్రతి బోల్టునూ తన పానాతో పరీక్షించాడు. రెండింటికి ఇంకో పావు చుట్టు కావలసొచ్చింది, తనే గుంజాడు. ఇక కదలవు. జాజు పెట్టకుండా బయటికొచ్చి, జంగయ్యకు తాళంచెవి ఇచ్చాడు.

జంగయ్య కదలలేదు. "జాజు?"

"అన్నీ గట్టిగున్నయి. పో."

"జాజు లేంది నేను ఎక్క ఐలన్నా. ఎవడెక్కుతడో ఎక్కుమను." మిగతా డ్రైవర్లు కూడా చేతులు కట్టుకున్నారు.

రఘుపతి రెండు చేతులూ జోడించాడు. "ఐలన్నా, పొద్దు పోతున్నది. నీ కాల్మొక్త, గా గీత పెట్టు."

ఐలేశం జాజు చిప్ప తీసుకున్నాడు. రఘుపతి వైపు పోలేదు. రోడ్డు అంచుకు పోయి దుర్గయ్య ముందు పట్టాడు. "బావా, గీ జాజు నీది. పెట్టుమంటె పెడత, వద్దంటె వద్దు."

దుర్గయ్య చిప్పను చూశాడు. లారీ మీది దండలను చూశాడు. తల్లి చంకలో ఎండకు ఏడుస్తున్న పిల్లవాణ్ణి చూశాడు. "ఆడోళ్ళను, పోరన్ని లోపట నీడకు కూసోబెట్టుండ్రి. సేటు మాత్రం గాడనే నిలబడని" అన్నాడు. తర్వాత కర్ర టకటకలాడించుకుంటూ రోడ్డు దిగి, ఆరేండ్లుగా దాటని ఐలేశం గడప దాటి, కొట్టంలో గోడకానుకొని కాలు చాపుకున్నాడు.

"చెల్లే, ఆకలైతున్నది. గట్క ఉన్నదా?"

గోపమ్మకు కొంగు నోట్లో పెట్టుకోక తప్పలేదు. జొన్నగట్క, చల్ల, ఉల్లిగడ్డ తెచ్చి ముందు పెట్టింది. దుర్గయ్య ముద్ద ముద్దకూ ఆగి, తీరుబడిగా నమిలి, మధ్యలో ఉల్లిగడ్డ కొరుకుతూ తిన్నాడు. వాకిట్లో ఎండ నడినెత్తికొచ్చింది. రఘుపతి లారీ పక్కన మన్నుకొట్టుకుపోయిన లాల్చీతో నిలబడి, అన్నం తినేవాని చేతినే చూస్తున్నాడు. ఐలేశం జాజు ఆరిపోకుండా రెండు చుక్కల నీళ్ళు చల్లి, చిప్ప ఒళ్ళో పెట్టుకొని బావ పక్కన కూర్చున్నాడు.

పళ్ళెం ఖాళీ అయింది. రఘుపతి ఒక అడుగు ముందుకు వేశాడు.

దుర్గయ్య పళ్ళెం చెల్లెలి వైపు జరిపాడు. "ఇంకింత పెట్టు చెల్లే. తొందరేమున్నది?"